అటు తిరిగి కూర్చున్న మనిషి

పేరిచ్చింది అత్తగారు. వెళ్ళాల్సి వచ్చింది మాత్రం కోడలికి.

ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి వరండాలో బల్ల వేసి ఒక కాగితం పెట్టారు. "పని మానక్కర్లేదు, ఇల్లు విడవక్కర్లేదు. వారం రోజుల ధ్యానం. ఉదయం అరగంట ప్రార్థన, సాయంత్రం తోడుగా ఉండేవారితో అరగంట మాట" అని దానిమీద రాసి ఉంది. ఆ చివరి ముక్క చూడగానే అత్తగారు సంబరపడి పేరు రాయించేసుకుంది. అరగంటసేపు తను చెప్పేది కుదురుగా వినే మనిషి దొరికి ఆవిడకి చాలా ఏళ్ళయింది. తీరా సోమవారం పొద్దున్నే మోకాలు పట్టేసింది.

"నా బదులు నువ్వెళ్ళమ్మాయ్. పేరిచ్చి మానేస్తే ఏం బావుంటుంది?"

"ప్రార్థన కూడా ఒకరి బదులు ఒకరు చేస్తారా అత్తయ్యా? క్యూలో నిలబడ్డమా అది?"

"నువ్వు కూర్చో. ప్రభువుకి నేను చెప్పుకుంటాలే."

అలా ఆ సాయంత్రం డ్యూటీ దిగాక, కోడలు చర్చి వెనక చిన్న గదికి వెళ్ళింది. రెండు కుర్చీలు, కిటికీ, గోడకి గడియారం. ఒక కుర్చీలో టీచరమ్మ కూర్చుని ఉంది. బడిలో భూగోళం చెప్పి రిటైరయిన మనిషి. ఒక చెవి సరిగ్గా వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళ మొహంలోకి రెప్ప వేయకుండా చూస్తుంది. ఆ చూపు ముందు అబద్ధమాడటం కష్టం.

"నాకు ప్రార్థనలూ అవీ పెద్దగా రావండీ. మా అత్తయ్య బదులొచ్చాను."

"ఎవరి బదులొచ్చినా కళ్ళు మూసుకునేది మీరే కదా," అంది టీచరమ్మ. ఒక చీటీ చేతిలో పెట్టింది. "రేపు పొద్దున ఈ కథ రెండుసార్లు చదవండి. తర్వాత కళ్ళు మూసుకుని అందులోకి వెళ్ళండి. గాలి ఎటునుంచి వీస్తోంది, కాళ్ళ కింద ఏముంది, ఎవరెవరున్నారు, చూడండి. అర్థాలు వెతక్కండి. చూసింది వచ్చి నాకు చెప్పండి."

"ఏమీ కనపడకపోతే?"

"కనపడలేదని చెప్పండి. మొదటిరోజు చాలామందికి పొయ్యిమీద పాలే కనపడతాయి."

వంటింటి వెనక చిన్న బాల్కనీలో, గ్యాస్ బండకీ బట్టల తీగకీ మధ్య, ప్లాస్టిక్ స్టూలు వేసుకుని మంగళవారం ఉదయం ఆరింటికి ఆమె కూర్చుంది. భర్త దూరం బస్సు తోలుతూ ఎక్కడో దారిలో ఉన్నాడు. చీటీలో ఉన్నది తుఫానులో పడవ కథ. చదివింది. కళ్ళు మూసుకుంది. ముందు పాలే కనపడ్డాయి. తర్వాత వాటి తెల్లదనం నురగైంది, నురగ కింద నల్లటి నీళ్ళొచ్చాయి, పడవ ఒక పక్కకి ఒరిగింది. శిష్యులు అరుస్తున్నారు. ప్రభువు తలకింద దిండు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. అంతా కథలో ఉన్నట్టే ఉంది. కథలో లేనిది ఒక్కటే. పడవ చివర ఎవరో ఒకామె అటు తిరిగి కూర్చుని నీళ్ళు తోడి పోస్తోంది. తోడటానికి ఆమె చేతిలో ఉన్నది ముంత కాదు. ఆస్పత్రిలో వాడే, చిక్కుడుగింజలా వంపు తిరిగిన స్టీలు పళ్ళెం.

చటుక్కున కళ్ళు తెరిచేసింది. గడియారం చూస్తే నాలుగు నిమిషాలే అయింది.

ఆస్పత్రిలో ఆమెను అందరూ టేపక్క అంటారు. పదకొండేళ్ళుగా అదే పేరు. ఆపరేషన్లకి కావలసిన కత్తెరలు, పటకార్లు, గుడ్డలు లెక్క చూసి, ఆకుపచ్చ గుడ్డలో మూటకట్టి, మూట మీద టేపు అంటించి, ఆవిరి మిషనులో పెట్టడం ఆమె పని. ఆ టేపు మీద లేతరంగు అడ్డగీతలు ఉంటాయి. ఆవిరి చాలినంతసేపు పడితే గీతలు నల్లబడతాయి. నల్లబడని మూట గది దాటకూడదు. పక్కగదిలో, అద్దం గోడకి అటువైపు, రక్తపు పనిముట్లు కడుగుతారు. కడిగినవి అద్దం కింద ఉన్న చిన్న కిటికీలోంచి ఇటు అందిస్తారు. ఇరవైరెండేళ్ళు ఆ పని చేసింది అందరూ పెద్దమ్మ అని పిలిచే మనిషి. మోకాళ్ళదాకా పసుపుపచ్చ రబ్బరు ఏప్రను వేసుకుని, తొడుగులు గిట్టక ఒట్టి చేతులతో సింకు ముందు నిలబడేది. పళ్ళెం కిటికీలో పెట్టి, కత్తెర పిడితో రెండుసార్లు టక్ టక్‌మని కొట్టేది. ఇటు టేపక్క అందుకునేది. రోజుకి నలభైసార్లు.

ఇప్పుడక్కడ కొత్తమ్మాయి కడుగుతోంది. పెద్దమ్మని పనిలోంచి తీసేసి మూడువారాలైంది.

ఆ సాయంత్రం టీచరమ్మ అడిగింది. "పడవలో ఇంకెవరున్నారు?"

"శిష్యులే. అంతే."

టీచరమ్మ ఆమె మొహంలోకి చూసింది. గడియారం కొట్టుకుంటోంది. చివరికి టేపక్కే, "ఎవరో ఒకామె. నీళ్ళు తోడుతోంది," అంది.

"తెలిసినామేనా?"

"మొహం కనపడలేదు."

టీచరమ్మ మర్నాటి చీటీ ఇచ్చింది.

బుధవారం కథ దారి పక్కన కూర్చున్న గుడ్డి బిచ్చగాడిది. దుమ్ము, జనం, గోల. గుడ్డివాడు అరుస్తున్నాడు, జనం నోర్మూసుకోమంటున్నారు. టేపక్క కూడా ఆ జనంలోనే నిలబడి ఉంది. వాడి వెనక, ఎండలో, పసుపుపచ్చ ఏప్రను తొడుక్కున్నామె అటు తిరిగి చతికిలబడి ఉంది. ఏప్రను అంచునుంచి నీళ్ళు కారి దుమ్ములో చిన్న మడుగు కడుతున్నాయి. ఈసారి టేపక్క నాలుగు నిమిషాలకే లేవలేదు. లేవాలనుకుంది గానీ కాళ్ళు రాలేదు. ఆమె ఎక్కడ ఇటు తిరుగుతుందోనని చూస్తూ కూర్చుంది. ఆమె తిరగలేదు.

లోపలికి వచ్చేసరికి అత్తగారు ముక్కు ఎగబీలుస్తోంది. "ఏంటమ్మాయ్ ఈ ఘాటు? ఆస్పత్రి మందు ఒలకబోసుకొచ్చావా?"

టేపక్క ఇంకా డ్యూటీకే వెళ్ళలేదు. నిన్నటి చీర ఉతికి ఆరేసింది. చేతులు వాసన చూసుకుంది. సబ్బు వాసన తప్ప మరేమీ లేదు. కానీ ఇంట్లో ఆ ఘాటు ఉన్నమాట నిజం. పనిముట్లు నానబెట్టే మందు వాసన, కళ్ళు చెమర్చేంత.

గురువారం కోనేటి దగ్గర రోగుల కథ. ముప్పయ్యెనిమిదేళ్ళుగా లేవలేని మనిషి నీళ్ళ పక్కన పడి ఉన్నాడు. తనను పట్టుకుని నీళ్ళలో దింపేవాళ్ళు ఎవరూ లేరని చెప్పుకుంటున్నాడు. ఆ నీళ్ళలో రెండు చేతులూ ముంచి పసుపు ఏప్రను మనిషి ఏదో తోముతోంది, కడుగుతోంది, మళ్ళీ తోముతోంది. ఈసారి ఎంత దగ్గరగా ఉందంటే, మెడ మీద నెరిసిన జుట్టుముడి, దాన్లో గుచ్చిన నల్లపిన్ను కూడా కనపడ్డాయి. ఆ పిన్ను టేపక్కకి తెలుసు. నిజానికి మంగళవారమే తెలుసు.

ఆరోజు మధ్యాహ్నం టేపక్క ఒక్కతే మూటలు కడుతోంది. మిషను చల్లారుతోంది. అద్దం నిండా ఆవిరి పట్టింది. కిటికీ దగ్గర టక్ టక్‌మని రెండుసార్లు చప్పుడైంది. పదకొండేళ్ళ అలవాటుకొద్దీ చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి. కిటికీ రేకు పైకి లేపింది. పళ్ళెం లేదు. అరుగు మీద తడి మాత్రం ఉంది, పళ్ళెం పెట్టి తీసినట్టు చిక్కుడుగింజ ఆకారంలో. అటు గదిలో ఎవరూ లేరు. ఎవరూ వాడని పాత ఏప్రను కొక్కేనికి వేలాడుతోంది. దాని కింద నేల తడిసి ఉంది.

కొత్తమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నువ్వేనా కొట్టింది అని టేపక్క అడిగింది. "నేను తినడానికెళ్ళానక్కా. గొట్టాలు చల్లారితే అలాగే కొట్టుకుంటాయట, ప్లంబరు చెప్పాడు."

"మరి తడి?"

"పైన కారుతోంది కదా. అన్నట్టు, పాత పెద్దమ్మకి అస్సలు బాగాలేదటగా. క్యాంటీనులో అనుకుంటున్నారు."

టేపక్క చేతిలో టేపు చుట్ట జారి కింద పడి, దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. వంగి తీసుకోబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం గదిలో కూర్చోగానే తానే మొదలుపెట్టింది.

"ఈ ధ్యానం మానేస్తానండీ. రోజురోజుకీ ఆవిడ దగ్గరికొస్తోంది."

"ఆవిడ వస్తోందా, మీరు వెళ్తున్నారా?"

"ఏమో. నాకు తెలీదు. తిరిగి చూస్తుందేమోనని భయంగా ఉంది."

"చూస్తే ఏమంటుందని?"

టేపక్క కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. అప్పుడు చెప్పింది. ఎవరితోనూ అననిది, భర్తతో కూడా అననిది.

ఆవేళ ఆపరేషన్ గది నుంచి ఫోను మీద ఫోను. మూటలు మిషనులో పెట్టి పన్నెండు నిమిషాలే అయింది, ఇంకా పద్దెనిమిది కావాలి. మూటల గది ఇన్‌ఛార్జి తానే, టేపక్కలాగే ఆకుపచ్చ గౌను, టోపీ, మాస్కు తగిలించుకుని వచ్చాడు. ఆవిరి వదిలేసి మిషను తలుపు తీశాడు. గదంతా పొగమంచులా అయిపోయింది. గుడ్డల అలమర పక్కన నిలబడి టేపక్క చూసింది. మూటల మీద గీతలు ఇంకా గోధుమరంగులోనే ఉన్నాయి. "సార్, నల్లబడలేదు," అంది. "నీకే చూపు మందగించింది, అద్దాలు మార్చుకో," అని ఆయన మూటలు ట్రాలీలో వేసుకుని తోసుకుపోయాడు. నాలుగోరోజున కాన్పు ఆపరేషనైన ఒకామెకి కుట్లు చీముపట్టాయి. మళ్ళీ కోయాల్సి వచ్చింది. బిడ్డని పదిరోజులు తల్లికి దూరంగా ఉంచారు. విచారణ పెట్టారు. మూటలు సర్దడానికి ఇటు వచ్చిన పెద్దమ్మ ఆవిరి పట్టని మూటని పొరపాటున శుభ్రమైన వాటిలో కలిపేసిందని ఇన్‌ఛార్జి చెప్పాడు. పెద్ద డాక్టరు పెద్దమ్మని అడిగాడు. ఆవిడ తల వంచుకుని, "నేనే పెట్టానేమో అయ్యా," అంది. తర్వాత ఆయన టేపక్క వైపు తిరిగి, "నువ్వేమైనా చూశావా?" అన్నాడు.

"లేదు సార్ అన్నాను," అంది టేపక్క. "ఆవిడ అలా ఎందుకు ఒప్పుకుందో ఇప్పటికీ తెలీదు. బెదిరిపోయి ఉంటుంది. నాకా క్షణాన హమ్మయ్య అనిపించిందండీ. అదే నన్ను తినేస్తోంది."

ఓదారుస్తుందని, లేకపోతే కనీసం తిడుతుందని ఎదురుచూసింది. టీచరమ్మ రెండూ చేయలేదు. "రేపు మానేస్తారా, చేస్తారా? మీ ఇష్టం," అని చీటీ మడతపెట్టి బల్ల మీద ఉంచింది. టేపక్క గుమ్మందాకా వెళ్ళి, వెనక్కొచ్చి దాన్ని తీసుకుంది.

శుక్రవారం చీటీలో ఉన్నది ముంగిట్లో చలిమంట కథ. లోపల ప్రభువుని విచారిస్తున్నారు. బయట, ఆయనెవరో నాకు తెలీదని అబద్ధమాడబోయే శిష్యుడు మంట దగ్గర చలికాచుకుంటున్నాడు. టేపక్క అతని పక్కనే నిలబడింది. మంటకి ఎదురుగా పనిమనిషి ఒకామె అటు తిరిగి పుల్లలు ఏరుతోంది. ఏప్రను మీద మంట వెలుగు పసుపుపచ్చగా మెరుస్తోంది. ఆమె పుల్లలు కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది. మెల్లిగా ఇటు తిరిగింది.

పెద్దమ్మ మొహంలో కోపం లేదు. సింకులోంచి ఎప్పుడైనా తలెత్తి చూసినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. శిష్యుణ్ణి చూడలేదు. సూటిగా టేపక్కనే చూసి, మామూలుగా అడిగింది. "నువ్వూ అక్కడే ఉన్నావు కదా?"

"లేదు సార్!"

ఆ కేకకి టేపక్కే ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. గొంతు బాల్కనీ అంతా మోగింది. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నామె చెయ్యి ఆపి ఇటు చూస్తోంది. వంటింట్లోంచి అత్తగారు కుంటుకుంటూ వచ్చింది.

"ఎవరితోనమ్మాయ్? సార్ ఎవరిక్కడ?"

"ఎవరూ లేరత్తయ్యా."

అత్తగారు కోడలి మొహం చూసి, తను కాచుకున్న కాఫీ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది.

శనివారం టేపక్క ప్రార్థనకి కూర్చోలేదు. సెలవు చీటీ పంపి, క్యాంటీనులో అడిగి తెలుసుకున్న చిరునామాకి బయల్దేరింది. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగింది. ఆ ఇంటి ముందు చెప్పులు గుట్టగా ఉంటాయేమో, కుర్చీలు వేసి ఉంటాయేమో అనుకుంటూ సందు మలుపు తిరిగింది. చెప్పులు ఒకే జత ఉన్నాయి.

తలుపు తీసే ఉంది. లోపల పెద్దమ్మ నేలమీద, గోడకేసి అటు తిరిగి కూర్చుని ఉంది.

టేపక్క గుమ్మం ముందే ఆగిపోయింది. ఏప్రను లేదు. పాత నేతచీర. జుట్టుముడిలో అదే నల్లపిన్ను. ముందు గిన్నె పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది.

"వచ్చావా," అంది పెద్దమ్మ, తల తిప్పకుండానే. "ఇవాళ ఆలస్యమైందే."

"ఇవాళా? నేనెప్పుడొచ్చాను పెద్దమ్మా?"

అప్పుడు ఇటు తిరిగింది. మనిషి సగమైపోయింది గానీ కళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. "ఓ, నువ్వా! నిజంగానే వచ్చావన్నమాట. ఈ వారమంతా పొద్దున్నే ఆరింటికి ఎవరో వచ్చి నా వెనక నిలబడ్డట్టుంటోందే. ఊపిరి కూడా తగులుతుంది. తిరిగి చూడబుద్ధయ్యేది కాదు. జ్వరం కదా, అందుకే అనుకున్నాను. నిన్న పొద్దున మాత్రం చూడాల్సిందేనని మెల్లిగా తిరిగాను. ఎవరూ లేరు."

టేపక్క గుమ్మంలోనే కూలబడింది. పెద్దమ్మ చెంబుతో నీళ్ళు జరిపింది.

"పెద్దమ్మా, నువ్వెందుకు ఒప్పుకున్నావు? ఆ మూట నువ్వు పెట్టలేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు."

పెద్దమ్మ బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన పడేసింది. "అద్దంలోంచి చూశానే. ఆవిరి పట్టి సరిగ్గా ఆనలేదు గానీ, ఆకుపచ్చ గౌను మనిషి గడువు కాకుండా తలుపు తీయడం చూశాను. వెంటనే అటు తిరిగిపోయాను, చూశానని నీకు తెలీకూడదని. నాకా, వెనకాముందూ ఎవరూ లేరు. రేపోమాపో పనిలోంచి దిగిపోయేదాన్నే. నువ్వు సంసారం ఉన్నదానివి. తొందరలో తప్పు జరిగిపోయింది, పిల్ల రోడ్డున పడుతుందనిపించింది. పదకొండేళ్ళు నా చేతిలోంచి పళ్ళెం అందుకున్నావు కదా." నవ్వింది. "ఏడవకు. ఎవరికీ చెప్పలేదులే."

టేపక్క ఏడవటం లేదు. ఇప్పుడు ఊరుకుంటే ఆ మాట జన్మలో బయటికి రాదని తెలిసింది. ఊరుకుంటే ఈ మనిషి తనని ఇలాగే ప్రేమగా చూస్తుందని కూడా తెలిసింది.

"ఆ తలుపు తీసింది నేను కాదు పెద్దమ్మా. ఇన్‌ఛార్జి. నేను అలమర పక్కన నిలబడి చూశాను."

బియ్యంలో వేళ్ళు ఆగిపోయాయి.

"నువ్వు కాదా?"

"కాదు."

"నీకు తెలుసా? విచారణరోజు నా పక్కన నిలబడ్డప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

పెద్దమ్మ చాలాసేపు ఆమెను అలాగే చూసింది. ఆ చూపులో వెలుగు కొంచెం కొంచెంగా తగ్గిపోవడం టేపక్క కళ్ళారా చూసింది. బాల్కనీలో కళ్ళు మూసుకుని చూసినవేవీ ఇంత భయపెట్టలేదు.

"అయితే ఎవరికోసమే నేనిదంతా పోగొట్టుకున్నది? వాడికోసమా?"

గిన్నె పక్కకి తోసి, గోడ పట్టుకుని లేచింది. టేపక్క చెయ్యి అందించబోతే తీసుకోలేదు. చీర సర్దుకుని గుమ్మం దాటి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"పద," అంది.

ఆ తర్వాత జరిగినవి మెల్లిగా, కాగితాల మీద జరిగాయి. విచారణ మళ్ళీ తెరవడానికి నెల పట్టింది. ఇన్‌ఛార్జిని ముందు వేరే విభాగానికి మార్చారు, తర్వాత పంపించేశారు. పెద్దమ్మకి పని తిరిగి ఇస్తామన్నారు. ఆవిడ ఆరువారాలు చేసి, తనకి తానే దిగిపోయింది. ఆ ఆరువారాల్లో టేపక్కతో పనికి సంబంధం లేని మాట ఒక్కటి ఆడలేదు. నిజం దాచినందుకు టేపక్కకి మెమో ఇచ్చారు, ఆమె సంతకం పెట్టి తీసుకుంది. కుట్లు పాడైనామె ఇంటికి, ఒక సాయంత్రం టీచరమ్మని తోడు తీసుకుని వెళ్ళింది. అవతలామె తలుపు సగమే తీసింది. చెప్పిందంతా విని తలుపు వేసేసుకుంది.

అయితే అవన్నీ తర్వాతి సంగతులు. ఆ శనివారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ ఆస్పత్రి పెద్ద గేటులోంచే లోపలికి నడిచి, పెద్ద డాక్టరు గది ముందు బల్ల మీద, మధ్య మూర ఎడం వదిలి కూర్చున్నారు. ఆయన విన్నాడు. విని, ఇద్దరివీ వేర్వేరుగా రాసిమ్మన్నాడు. గుమాస్తా రెండు తెల్లకాగితాలిచ్చాడు. టేపక్క తనది రాసింది. పెద్దమ్మకి రాయడం రాదు.

"నువ్వే రాయి. నేను చెప్తా," అంది పెద్దమ్మ, గోడవైపు చూస్తూ. "అద్దంలోంచి చూశాను. తలుపు తీసింది టేపు వేసే పిల్ల అనుకున్నాను. రాశావా? ఆ పిల్లంటే నాకు ఇష్టం. అందుకని నేనే చేశానని అబద్ధం చెప్పాను. ఆ పిల్ల కాదని ఇవాళ తెలిసింది."

టేపక్క చెప్పింది చెప్పినట్టు రాసింది. 'ఇష్టం' అన్నచోట కలం ఆగింది.

"రాయి," అంది పెద్దమ్మ. "నిజమే కదా, అప్పటికి."

గుమాస్తా సిరా పెట్టె తెరిచాడు. పెద్దమ్మ ఎడమ బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. నల్లటి మచ్చ పడింది. గుమాస్తా దగ్గరగా పెట్టుకుని చూశాడు. "గీతలేవీ? ఇంకోసారి గట్టిగా వెయ్యి." వేసింది. మళ్ళీ ఒట్టి మచ్చే. కుడిచేతి వేలు వేయించాడు. గీత లేదు, సుడి లేదు. ఇరవైరెండేళ్ళ మందునీళ్ళు ఆ వేళ్ళని గులకరాళ్ళలా నున్నగా అరగదీశాయి. కాగితం మీద వరసగా మూడు నల్లమచ్చలు, ఏ మనిషివీ కానట్టు ఉన్నాయి.

"ఇలాగైతే కుదరదమ్మా. ఇది ఎవరి వేలని నమ్మాలి?"

పెద్దమ్మ తన అరచేతులు వెలుగుకేసి పట్టుకుని, మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది.

టేపక్క కాగితం తనవైపు లాక్కుంది. మూడు మచ్చల పక్కన 'ఈ వేలిముద్రలు ఈమె నా ఎదుట వేసినవి, నేను చూశాను' అని రాసింది. ఆ కింద 'సాక్షి' అని రాసి, సంతకం పెట్టింది.